తోటి విశ్వాసుల తోడు



ఒంగోలులో ఒక కొండ ఉంది. అక్కడి క్రైస్తవులు దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే, ఆ కొండెక్కినవాళ్ళు ఐదుగురు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే స్త్రీలు ఇద్దరు. ఐదుగురూ కలిసి పాడారు, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు, పొద్దు పొడిచాక దిగి వచ్చారు.

ఆనాటికి ఒంగోలులో సంఘం లేదు, మందిరం లేదు. నెల్లూరులో మిషన్ పని మొదలై పదమూడేళ్ళు దాటినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఇంత ఖర్చుపెట్టి ఈ పని నడపడం దేనికి, మూసేద్దామా అని అమెరికాలోని మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. అలాంటి రోజుల్లో ఆ ఐదుగురు ఒంగోలులో సంఘం పుట్టాలన్న తమ ఆశను ఎవరి గుండెలో వాళ్ళు దాచుకోలేదు. కలిసి కొండెక్కి, కలిసి దేవుణ్ణి అడిగారు.

తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసం ఎలా పెరిగిందని అడిగితే చాలామంది పెద్ద బోధకుల పేర్లు, పెద్ద సభల సంగతులు చెబుతారు. వాటి స్థానం వాటికి ఉంది. అయితే సామాన్య విశ్వాసి సోమవారం నుంచి శనివారం దాకా విశ్వాసిగా బతకగలిగాడంటే, దానికి కారణం పక్కింట్లోనో పక్క వీధిలోనో అతనిలాంటి మరో విశ్వాసి ఉండటం. తోటివాళ్ళ తోడు లేకుండా ఎదిగిన సంఘం ఈ నేల మీద కనిపించదు. ఒంగోలు కథే దానికి మొదటి సాక్ష్యం.

ఆ కొండ మీది ప్రార్థన జరిగిన పన్నెండేళ్ళకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ అనే మిషనరీ ఒంగోలుకు కాపురం వచ్చాడు. సర్వే పని తెలిసిన మనిషి. ఆయన వచ్చేసరికే కనిగిరి వైపు తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఎదురుచూస్తున్నాడు. పేరయ్య మాదిగ కుటుంబంలో పుట్టినవాడు, దేవుణ్ణి వెతుకుతూ రాజయోగ సాధన చేసినవాడు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లో కూర్చోలేదు. బంధువులున్న ఊరల్లా నడిచాడు, చెట్టు కింద, పల్లె వాకిట్లో తనకు తెలిసింది చెప్పాడు. మరుసటి ఏడాది, 1867 జనవరి 1న, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

కొత్తగా చేరినవాళ్ళకు మొదట్లో నేర్పిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఆనాటి పల్లెలో ఒక మాదిగ కుటుంబం ఈ మూడూ పాటించాలంటే ఏమవుతుందో చూడండి.

ఆ కుటుంబం రైతు కింద బతుకుతుంది. చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోటకు తోలు బొక్కెన కట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి ప్రతిఫలం కోతల నాడు కళ్ళంలో కొలిచే గింజలు. చచ్చిన గొడ్డు తోలు, మాంసం ఆ ఏర్పాటులో భాగమే. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద ఆదివారం పొలానికి రానంటాడు, జాతరలో డప్పు కొట్టనంటాడు. ఊరి పెద్దలకు అది ధిక్కారంగా కనిపించింది. కొన్ని ఊళ్ళలో క్రైస్తవులను బావి దగ్గరికి రానివ్వలేదు. కూలి పనికి పిలవలేదు. రావలసిన గింజలు కొలవలేదు.

ఒక్క ఇల్లయితే వారం తిరక్కుండానే దారికి వచ్చేది. పిల్లలు దాహమని ఏడుస్తుంటే ఏ తండ్రి మాత్రం ఎన్నాళ్ళు పంతం పట్టగలడు? వాళ్ళు నిలబడ్డారంటే పల్లెలో నాలుగిళ్ళు కలిసి ఆ నియమాలు పట్టుకున్నాయి కాబట్టే. పక్క ఊరి విశ్వాసులకు ఆ సంగతి తెలుసు కాబట్టే. ఆదివారం పని మానడం ఒక మనిషి భక్తిగా ఉన్నంతకాలం దాన్ని విరగ్గొట్టడం తేలిక. నలుగురి కట్టుబాటుగా మారాక ఊరే దానికి అలవాటు పడింది.

ఈ ఊళ్ళ మధ్య తిరిగిన బోధకులు కూడా పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. చాలామందికి చదువు అంతంతమాత్రం. వాళ్ళు మూడు నెలలకొకసారి ఒంగోలుకు నడిచి వచ్చేవాళ్ళు. క్లౌ ఆవరణలో కొన్ని రోజులు ఉండి, ఏ ఊళ్ళో ఎవరు కొత్తగా చేరారు, ఎవరికి ఏ కష్టం వచ్చింది, ఎవరు వెనక్కి తగ్గారు అన్నీ చెప్పుకునేవాళ్ళు. కలిసి వాక్యం నేర్చుకుని, కలిసి ప్రార్థించి మళ్ళీ ఊళ్ళకు పోయేవాళ్ళు. బోధకుడికీ తోడు కావాలి. ఊరి మధ్య ఒంటరిగా నిలబడి మాట్లాడేవాడికి, తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని కళ్ళారా చూసుకునే రోజు మూడు నెలలకొకసారైనా రావాలి.

1876లో కరువు వచ్చింది. 1878 దాకా పీడించింది. క్లౌకు సర్వే పని తెలుసు గనక బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. పల్లె బోధకులనే ఆ పనికి మేస్త్రీలుగా పెట్టాడు. తట్ట దించి అలసి కూర్చున్న కూలీలతో వాళ్ళు మాట్లాడేవాళ్ళు. భారం మోసి అలసినవాళ్ళను యేసు తన దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్న మాట ఆ కాలువ గట్టున పదే పదే వినబడింది. ఆ మాట అక్కడ ఎలా వినబడి ఉంటుందో ఊహించడానికి పాండిత్యం అక్కర్లేదు.

ఇక్కడ క్లౌ తీసుకున్న ఒక నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోవాలి. కరువు సాయం పంచుతున్నంతకాలం, పదిహేను నెలల పాటు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశం. సాయం పంపిణీ ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు బోధకులు, ఏ సమయంలోనైనా ఇద్దరు చొప్పున, ఒకరు అలసిపోతే మరొకరు దిగుతూ ఆ పని పూర్తి చేశారు.

ఆ సంఖ్యను ప్రపంచమంతా చెప్పుకుంది. కానీ అసలు పని జూలై 4న మొదలైంది. ఇన్ని ఊళ్ళకు తిరిగి వెళ్ళిన ఇంతమందికి ప్రార్థన ఎవరు నేర్పాలి? కొత్త విశ్వాసి కొడుక్కి జబ్బు చేసి, చుట్టాలు పాత మొక్కులు గుర్తు చేస్తే ఎవరు పక్కన కూర్చోవాలి? ఏ మిషనరీ అయినా అన్ని గుడిసెలకు వెళ్ళలేడు. ఆ పని పల్లె బోధకుడు చేశాడు, అతని భార్య చేసింది, అంతకుముందే నమ్మిన పక్కింటివాళ్ళు చేశారు.

ఇదే పాఠాన్ని వేరే చోట, వేరే సంఘంలో, మరింత పద్ధతిగా అమలు చేసిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1874లో పుట్టాడు. విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా భారతీయులే నడిపే మిషన్ సంఘాలు పెట్టాలని పట్టుపట్టి, 1903లో తిరునెల్వేలిలో ఒకటి, 1905లో దేశమంతటికీ ఒకటి స్థాపించడంలో ముందు నిలబడ్డాడు. తరువాత తానే మిషనరీగా తెలుగు నేల మీది డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎద్దుల బండి మీద పల్లెలు తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్‌ను విడిచి వెళ్ళలేదు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌ను 1939 జనవరిలో ప్రతిష్ఠించారు. గుమ్మటాలతో, చెక్కిన తామర పూలతో మన దేశపు రూపంలో ఉన్న ఆ మందిరాన్ని చూడటానికి ఇప్పటికీ జనం వెళతారు. కానీ ఆయన కట్టిన దానిలో ఎక్కువ భాగం కంటికి కనబడదు. అది పల్లెల్లోని సాయంకాలపు ప్రార్థన. పొలం నుంచి తిరిగొచ్చి, సంకటి తిని, దీపం వెలిగించి, ఊరి ఉపదేశకుడి చుట్టూ కూర్చునేవాళ్ళు. అక్షరం రానివాళ్ళే ఎక్కువ. అందుకని ఒకరు చదివితే పదిమంది విన్నారు. విన్నదాన్ని పాటగా పాడుకున్నారు, కథగా ఆడుకున్నారు, కంఠతా పెట్టారు. రోజూ జరిగే ఆ చిన్న కూడికే వాళ్ళ బడి, వాళ్ళ గుడి.

అజరయ్య ఇంకో సంగతి గట్టిగా పట్టుకున్నాడు. సువార్త చెప్పడం జీతం తీసుకునేవాడి పని మాత్రమే కాదని. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, ఇక నుంచి ఈ బాధ్యత నాది అనే అర్థం వచ్చే మాట చెప్పించేవాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఏటా ఒక వారం సాక్ష్యానికి కేటాయించారు. ఆ వారంలో కూలిపని చేసుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు గుంపులుగా పక్క ఊళ్ళకు వెళ్ళి పాడేవాళ్ళు, తమ జీవితంలో ఏం మారిందో చెప్పేవాళ్ళు. చెప్పాలంటే ముందు మారి ఉండాలి కదా. నిన్నటిదాకా తాగి తగవులాడిన మనిషి సాక్ష్యం చెబితే, పక్కన నిలబడ్డ అతని భార్య ముఖమే అది నిజమో కాదో చెప్పేస్తుంది. నలుగురిలో సాక్ష్యం చెప్పుకోవడం మనిషిని నిజాయితీలో నిలబెడుతుంది.

ఇక పిడికెడు బియ్యం సంగతి. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఇంతకంటే చిన్న ఆచారం లేదు, ఇంతకంటే గొప్పదీ లేదు. అన్నం వండటానికి బియ్యం కొలిచినప్పుడల్లా తల్లి అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలోది మందిరానికి తీసుకువెళుతుంది. కొన్ని ఇళ్ళలో అది బియ్యం, కొన్ని ఇళ్ళలో జొన్న, రాగి. చేతిలో నాణెం ఆడని కాలంలో కూలి కుటుంబం కానుక ఇవ్వగలిగిన దారి అది. ఉపదేశకుడికి తిండి దాని నుంచే వచ్చింది, పల్లె గుడికి తాటాకు కప్పు దాని నుంచే పడింది. బియ్యం విలువకంటే కూడా ఆ అలవాటు చేసిన మేలు పెద్దది. రోజుకు రెండుసార్లు, పొయ్యి ముందు, ఆ ఇల్లాలు తన ఇంటి బయటివాళ్ళను తలుచుకుంది. పక్కన కూర్చుని చూసిన పిల్లకు వేరే పాఠం అక్కర్లేకపోయింది. లూథరన్ సంఘాల్లో, బాప్టిస్టు సంఘాల్లో కూడా ఈ అలవాటు వేళ్ళూనింది. చాలా ఊళ్ళలో ఇప్పుడు ఆ కుండ స్థానంలో కానుక కవరు వచ్చింది. ఆ కుండను తిరిగి పొయ్యి పక్కకు తెచ్చుకుంటే మన పిల్లలకు మంచిది.

పాట గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలను బాప్టిస్టులూ పాడారు, లూథరన్లూ పాడారు, ఆంగ్లికన్లూ పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం పేర్లు కనబడతాయి. చదువు రాని అవ్వకు బైబిలు చేతికి ఇస్తే ఏం లాభం? కానీ ఆమెకు ముప్పై కీర్తనలు నోటికి వచ్చు. పాపం గురించి, క్షమాపణ గురించి, మరణం తర్వాతి నిరీక్షణ గురించి ఆమె నేర్చుకున్నదంతా తోటివాళ్ళతో గొంతు కలిపి నేర్చుకున్నదే. చావు ఇంట రాత్రంతా కూర్చుని పాడే పాటలు ఆ ఇంటివాళ్ళకు ఇచ్చే ధైర్యం ఏ ప్రసంగమూ ఇవ్వలేదు.

ఇంత చెప్పాక, సంఘాలను నొప్పించే నిజం కూడా చెప్పాలి. కులం గుడిలోకి వచ్చింది. మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు అన్న ఊళ్ళు ఉన్నాయి. వేరే కులం నుంచి వచ్చిన క్రైస్తవులు వాళ్ళ సరసన కూర్చోవడానికి వెనకాడిన చోట్లు ఉన్నాయి. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి విశ్వాసం పక్కకు జరిగి కులం ముందుకొచ్చే ఇళ్ళు ఈ రోజూ తక్కువేం కాదు. ఒకే రొట్టె విరిచి పంచుకునే బల్ల ముందు ఇది ఘోరమైన తప్పు. సహోదరుడని నోటితో పిలిచినవాణ్ణి చాప మీద పక్కన కూర్చోనివ్వకపోతే ఆ పిలుపుకు అర్థం లేదు.

ఈ గోడను భోజనం దగ్గరే బద్దలు కొట్టాలని పట్టుపట్టినవాడు భక్త్ సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజినీరింగు చదువు కోసం ఇంగ్లండు, కెనడా వెళ్ళి అక్కడ క్రీస్తును నమ్మాడు. 1933లో తిరిగి వచ్చి దేశమంతా బోధించాడు. హైదరాబాదులోని హెబ్రోను అనే మందిరం ఆయన పనికి కేంద్రమైంది. ఏటా జరిగే పరిశుద్ధ సమాజ కూడికలకు వేల మంది మూటాముల్లె కట్టుకుని వచ్చేవాళ్ళు. అందరూ నేల మీదే కూర్చునేవాళ్ళు. ఆరాధన తరువాత ప్రేమ విందు. డాక్టరూ, రిక్షా తొక్కేవాడూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే అన్నం, ఒకే కూర తిన్నారు. వండటం, వడ్డించడం, ఎంగిలి తియ్యడం అన్నీ విశ్వాసులే చేశారు. భక్త్ సింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన సహవాసాల్లో ఆదివారం ప్రేమ విందు ఇప్పటికీ సాగుతోంది.

నేటి సంగతికి వద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారం మధ్యలో ఏదో ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో గృహ కూడిక జరుగుతూనే ఉంటుంది. ముందు గదిలో చాపలు పరుస్తారు, పక్కింటి నుంచి నాలుగు కుర్చీలు తెస్తారు. పాటలు, వాక్యం, ఆ తర్వాత ప్రార్థన మనవులు. ఒకామె కొడుకు ఇంటర్ పరీక్షలు, మరొకరికి ఆపరేషన్, ఇంకొకరికి తీరని అప్పు. ప్రార్థన ముగిసి టీ తాగేటప్పుడు అసలు సహవాసం మొదలవుతుంది. ఆపరేషన్ ఏ రోజో అడుగుతారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఇద్దరు కూర్చుని ఉంటారు. ఒకరు క్యారేజీ తెస్తారు, ఒకరు రక్తం ఇస్తారు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయం కూడికలు మానొద్దని, ఒకరినొకరు ప్రేమకూ మంచి పనులకూ పురికొల్పుకోవాలని చెప్పింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ ఇద్దరు దాన్ని ఆచరిస్తున్నారు.

తెలుగువాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి ఈ అలవాటూ వెళ్ళింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపని కోసం కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళకు వారంలో దొరికేది కొన్ని గంటల సెలవు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం గనక ఆరాధనలు చాలావరకు శుక్రవారమే. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వేళలు పంచుకుని కూడుకుంటాయి. అందులో తెలుగూ ఒకటి. బిడ్డలను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి, పరాయి ఇంటి వంటగదిలో వారమంతా మాట్లాడే దిక్కులేని తల్లికి, సొంత భాషలో పేరు పెట్టి పిలిచే ఒక అక్క, తన కోసం ప్రార్థించే ఒక చెల్లి ఆ కొన్ని గంటల్లో దొరుకుతారు.

2020లో లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతపడినప్పుడు ఆరాధన ఫోన్లోకి మారింది. ఆ రోజుల్లో అది ఎంతోమందిని ఆదుకుంది. మంచం పట్టిన పెద్దవాళ్ళకు ఇప్పటికీ అది మేలే. కానీ నడిచి రాగలిగిన కొందరు కూడా అక్కడే ఆగిపోయారు. ఫోన్లో మంచి ప్రసంగం దొరుకుతుంది, మంచి పాట దొరుకుతుంది. అయితే ఫోన్లో వాక్యం చెప్పేవాడికి మీ ఇంట్లో ఎవరు కోపంతో ఎవరితో మాట్లాడటం మానేశారో తెలియదు. తమ్ముడితో రాజీపడి బల్ల దగ్గరికి రమ్మని మీ ముఖం చూసి చెప్పలేడు. తప్పు చేస్తున్నప్పుడు భుజం మీద చెయ్యి వేసి ఆపగలిగినవాడు, మీ ఊళ్ళో మీతో కూర్చునే విశ్వాసే.

ఎదుగుదలకు గుర్తులు కూడా ఆ తోడులోనే కనబడతాయి. ఎంత వాక్యం తెలుసు అన్నది ఒక లెక్క. నొప్పించినవాణ్ణి క్షమించగలుగుతున్నామా, మన తప్పు ఒకరు చెబితే విని దిద్దుకోగలుగుతున్నామా, మనకంటే బీదవాడి ఇంట కూర్చుని తినగలుగుతున్నామా అన్నవి అంతకంటే కష్టమైన లెక్కలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా గదిలో కూర్చుని నేర్చుకోలేం.

ఈ మాటలు వింటున్న విశ్వాసులకు ఒక విన్నపం. మీ సంఘంలో రెండు మూడు ఆదివారాలుగా కనిపించని మనిషి ఎవరో ఒకసారి ఆలోచించండి. జబ్బు పడి ఉండవచ్చు, అప్పుల వల్ల ముఖం చాటేసి ఉండవచ్చు, ఎవరి మాటకో నొచ్చుకుని ఉండవచ్చు. పాస్టరుగారు వెళతారులే అని ఊరుకోకండి. ఈ వారంలోనే ఇంకొక విశ్వాసిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. ఎందుకు రాలేదని నిలదీయకండి. కాసేపు కూర్చుని వాళ్ళు చెప్పేది వినండి, వాళ్ళు ఒప్పుకుంటే కలిసి ప్రార్థన చేయండి, వచ్చే ఆదివారం మందిరానికి వెళ్ళేటప్పుడు దారిలో వాళ్ళను కలుపుకుని వెళ్ళండి.